ఆకుపచ్చ గడి

మహాభారతంలో యుద్ధానికి ముందు జరిగిన ఏర్పాట్ల కథ అంతా ఉద్యోగపర్వంలో ఉంది. ‘ఉద్యోగం’ అనగానే నేటి విద్యార్థికి నెల జీతం గుర్తుకు వస్తుంది గాని, ఆ పర్వానికి ఆ పేరు పెట్టిన నాడు ఆ మాటకు ప్రయత్నమని, పూనిక అని అర్థం. ఇరుపక్షాలూ సేనలను కూర్చుకొని కురుక్షేత్రంలో విడిసిన తరువాత దుర్యోధనుడు తన సేనాపతి అయిన భీష్ముణ్ణి ఒక లెక్క అడుగుతాడు. తన వద్ద పదకొండు అక్షౌహిణుల సైన్యం ఉన్నదన్న సంగతి అతనికి తెలుసు. అతడు కోరింది తలల లెక్క కంటె కష్టమైన లెక్క: ఈ యోధులలో రథులెవరు, అతిరథులెవరు, ఎవరి సత్తా ఎంత? భీష్ముడు ఒక్కొక్కరినే పేర్కొంటూ వారి వారి స్థాయిని నిర్ణయిస్తూ వచ్చి, కర్ణుని దగ్గర ఆగి, అతడు అర్ధరథుడు మాత్రమే అంటాడు. కారణాలు కూడా చూపుతాడు. సహజ కవచకుండలాలు పోయాయి. పరశురాముని శాపం తగిలింది. ద్రోణుడు ఔనంటాడు. కర్ణుడు మండిపడి, భీష్ముడు పడిపోయేదాకా యుద్ధం చేయనని శపథం పడతాడు. ఫలితంగా మొదటి పది రోజులు కౌరవసేన తన మేటి యోధులలో ఒకడు లేకుండానే పోరాడవలసి వచ్చింది.

భీష్ముడు పలికింది నిష్పాక్షికమైన తీర్పా, కర్ణునిపై ఉన్న అయిష్టమా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదం తేలేది కాదు. ఒకటి మాత్రం స్పష్టం: లెక్క చెప్పమన్న రాజుకు అప్రియమైన అంకె వినిపించింది, దానికి సేన అంతా మూల్యం చెల్లించింది. అప్రియమైన అంకె పలికితే ఏమవుతుందో ఎరిగిన సేనాపతులు ఆ తరువాతి కాలంలో ఏమి పలికి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

యుద్ధానికి సిద్ధంగా ఉండటాన్ని సన్నద్ధత అంటారు. ‘నహ్’ అనే ధాతువుకు కట్టడం అని అర్థం. ఒంటికి కవచం బిగించి కట్టుకున్నవాడు సన్నద్ధుడు. సన్నాహం అన్నా మొదట కవచధారణమే. తెలుగులో ‘నడుము కట్టడం’ అన్న పలుకుబడిలోనూ ఈ కట్టే ఉంది. కవచం కోల్పోయిన కర్ణుణ్ణి సగం యోధుడని భీష్ముడు లెక్కించడంలో ఈ మాట అర్థం తెలిసినవారికి ఒక విధమైన తర్కం కనిపిస్తుంది. అయితే కవచం కట్టుకున్నాడో లేదో ఒక మనిషిని చూసి చెప్పవచ్చు. 600 మంది గల బెటాలియన్ కట్టుకున్నదో లేదో ఎలా చెప్పాలి? ఈ రాత్రి ఆజ్ఞ వస్తే రేపు ఎందరు బయలుదేరగలరు? ఎన్ని లారీలు కదులుతాయి? ఎన్ని తుపాకులు పేలతాయి? ప్రపంచంలోని ప్రతి సైన్యానికీ ఈ ప్రశ్న ఉన్నదే. ఈ విషయంలో అమెరికా సైన్యం తన పద్ధతులను, వాటి లోపాలను సైతం, బహిరంగంగా రాసి పెట్టుకున్నందువల్ల అక్కడి కథ వివరంగా తెలుసుకోవడానికి వీలుంది.

ఆ సైన్యంలో దళాల సన్నద్ధతను నాలుగు కోణాల నుండి కొలిచే పద్ధతి చాలాకాలం నుండి ఉంది. మొదటిది సిబ్బంది. రెండవది ఉండవలసిన సామగ్రి చేతిలో ఉన్నదా అనేది. మూడవది ఉన్న సామగ్రి పనిచేసే స్థితిలో ఉన్నదా అనేది. నాలుగవది శిక్షణ. ఒక్కొక్క కోణానికి ఒకటి నుండి నాలుగు వరకు అంకె ఇస్తారు. ఒకటి ఉత్తమం, నాలుగు అధమం. నాలుగింటిలో ఏది అన్నిటికంటె హీనమో సాధారణంగా అదే దళం మొత్తానికి వర్తిస్తుంది. బండికి మూడు చక్రాలు గట్టివైనా నాలుగవది విరిగితే బండి ఆగుతుంది కదా. కాగా, దళపతి తన విచక్షణతో కారణం చూపి ఆ మొత్తపు అంకెను మార్చడానికి వెసులుబాటు కూడా ఉంది. ఈ వెసులుబాటు గుర్తు పెట్టుకోదగినది. భీష్ముని చేతిలో ఉన్నదీ అదే.

ఈ అంకెల స్వభావం తెలియడానికి చిన్న ఉదాహరణ చాలు. సిబ్బంది విషయంలో, ఉండవలసిన వారిలో నూటికి 90 మందో అంతకంటె ఎక్కువో అందుబాటులో ఉంటే మొదటి స్థాయి. 80 నుండి 89 వరకు రెండవది. 70 నుండి 79 వరకు మూడవది. అంతకు తగ్గితే నాలుగవది. 120 మంది ఉండవలసిన దళం ఒకటి ఉన్నదనుకుందాం. 108 మంది సిద్ధంగా ఉంటే నూటికి 90. వారిలో ఒక జవానుకు దవడపన్ను పుచ్చింది. ఆ సైన్యపు దంతవైద్యులు జవానులను నాలుగు తరగతులుగా విభజిస్తారు. ఏడాది లోపల అత్యవసర చికిత్స అవసరమయ్యేటంత చెడిన పళ్లు ఉన్నవారు మూడవ తరగతి. అటువంటివాణ్ణి చికిత్స అయ్యేదాకా సాధారణంగా యుద్ధరంగానికి పంపదగినవానిగా ఎంచరు. ఎడారిలోనో కొండల్లోనో ఉన్నప్పుడు పన్ను పోటు వస్తే వాడు తుపాకీ పట్టలేడు. పైగా వాణ్ణి వెనక్కు చేర్చడానికి ఒక వాహనమూ ఇద్దరు మనుషులూ కావాలి. కాబట్టి లెక్క 107కు దిగింది. నూటికి 89 చిల్లర. దళం స్థాయి ఒకటి నుండి రెండుకు పడింది. ఒక పంటి వల్ల! నవ్వు తెప్పించే మాటే గాని, లెక్కలో అన్యాయమేమీ లేదు. గీత ఎక్కడో ఒకచోట గీయవలసిందే.

ఇటువంటి లెక్కలు కంప్యూటరుతో పుట్టినవి కావు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, అమెరికా సైనిక వైమానిక విభాగం గణాంకాల కోసమే ఒక కార్యాలయం స్థాపించింది. హార్వర్డ్ వాణిజ్య కళాశాలలో అధికారులకు తర్ఫీదు ఇప్పించి, ఏ స్థావరంలో ఎన్ని విమానాలు ఎగరగలవు, ఎందరు వైమానికులు ఉన్నారు, ఏ విడిభాగాలు కొరత అనే వివరాలను పట్టికలుగా రప్పించుకున్నది. రంధ్రాలు పొడిచిన అట్టముక్కలను యంత్రాలు లెక్కించేవి. ఆ పనిలో ఆరితేరినవారిలో రాబర్ట్ మెక్‌నమారా ఒకడు. 1961లో ఆయన ఆ దేశపు రక్షణమంత్రి అయ్యాడు. వియత్నాం యుద్ధాన్ని కూడా అంకెలతో కొలవబోయి, హతుల లెక్కనే పురోగతికి గుర్తుగా తీసుకున్న పాలనకు ఆయన పేరు ముడిపడిపోయింది. విమానాలను లెక్కించడంలో గెలిచిన విద్య, మనుషుల పట్టుదలను లెక్కించబోయి ఓడింది. అది వేరే పెద్ద కథ.

లెక్కల పట్టికను తెరమీదికి తెచ్చినది 1979లో వెలువడిన విజికాల్క్. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనేవారు దాన్ని ఆపిల్ కంప్యూటరు కోసం తయారుచేశారు. ఒక గడిలో అంకె మారిస్తే దానిపై ఆధారపడిన గడులన్నీ వాటంతట అవే మారిపోవడం ఆనాడు వింత. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి. సన్నద్ధత విషయంలో అసలైన మలుపు మాత్రం 1997 నాటి ఎక్సెల్‌లో చేరిన ఒక చిన్న సదుపాయం. పెట్టిన షరతును బట్టి గడి తనకు తానే రంగు పూసుకుంటుంది. అంతవరకు అంకెలను చదవవలసి వచ్చేది. ఆ తరువాత చూస్తే సరిపోయింది.

ఇప్పుడు ఒక కంపెనీ కార్యాలయంలోకి వెళ్లి చూడవచ్చు. కెప్టెన్ దాని అధిపతి. ఆయన తరువాతి అధికారి పాతికేళ్ల లెఫ్టినెంట్. ఆరోగ్య వివరాలకు సైన్యానికి ఒక పెద్ద కంప్యూటరు వ్యవస్థ ఉంటుంది, వాహనాలకు మరొకటి, శిక్షణకు ఇంకొకటి. ఒక్కొక్కదానికి వేరు వేరు అనుమతులు. ఒక దాని భాష మరొక దానికి సరిగా అందదు. “మనవాళ్లలో ఎందరు రేపు బయలుదేరగలరు?” అని కెప్టెన్ అడిగితే, ఆ మూడింటిలో ఏ ఒక్కటీ సూటిగా జవాబు చెప్పదు. అందువల్ల లెఫ్టినెంటో, అతని దగ్గర ఉన్న చురుకైన సార్జెంటో ఒక ఎక్సెల్ ఫైలు తెరుస్తాడు. ఎడమవైపు పైనుండి కిందికి పేర్లు. పైన అడ్డంగా శీర్షికలు: ఆరోగ్య పరీక్ష, దంతపరీక్ష, టీకాలు, గురి పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, వాహనచోదక అనుమతి, సెలవు. ప్రతి గడిలో ఒక తేదీ. నేటి తేదీ నుండి ఆ తేదీని తీసివేసే సూత్రం ఒకటి. గడువుకు చాలా రోజులు ఉంటే గడి ఆకుపచ్చ, దగ్గర పడితే పసుపుపచ్చ, దాటితే ఎరుపు.

తెలుగులో ఈ రంగుల పేర్లలో ఒక చమత్కారం ఉంది. ఆకు పచ్చనే, పసుపూ పచ్చనే. విశేషణం చేర్చకపోతే రెండింటికీ తేడా తెలియదు. తెలుగువాడు ఎవరైనా ఆ సైనిక కార్యాలయంలో కూర్చుంటే, అక్కడి పసుపుపచ్చ గడులు ఎంత సులభంగా ఆకుపచ్చకు జారిపోతాయో చూసి, తమ భాష ఎంత ముందుచూపు గలదో అని నవ్వుకోవచ్చు.

ఈ పట్టికను చులకన చేయడం తగదు. అది చేసే మేలు సామాన్యమైనది కాదు. మార్చి నెలలో 30 మంది గురి పరీక్ష గడువు ఒకేసారి ముగుస్తున్నదని జనవరిలోనే అది చూపిస్తుంది. తుపాకీ అభ్యాసానికి స్థలం కావాలంటే ముందే అడగాలి, తూటాలకు ముందే అర్జీ పెట్టాలి. ఆ రెండు నెలల వ్యవధి పట్టిక ఇచ్చిన వరం. వాహన అనుమతి ఉన్న జవానులందరూ ఒకే వారం సెలవు పెట్టారని, లారీలు బాగున్నా నడిపేవారు లేరని కనిపెట్టేదీ అదే. దస్త్రాల గుట్టలో ఈ సంగతి ఎవరి కంటా పడేది కాదు.

అయితే అది ఒక మనిషి చేతిపని. దాన్ని తయారుచేసిన సార్జెంటుకు రెండు మూడేళ్లలో బదిలీ అవుతుంది. అతడు రాసిన సూత్రాలు అతనికే అర్థమవుతాయి. తరువాత వచ్చినవాడు ఒక గడిని తాకడానికి భయపడతాడు, లేదా భయపడక చెడగొడతాడు. పేర్లను అక్షరక్రమంలో సర్దబోయి పేర్ల నిలువు వరుసను మాత్రమే ఎంచుకుంటే పేర్లు కదులుతాయి, తేదీలు కదలవు. ఒకరి టీకా మరొకరి ఒంటికి చేరుతుంది. పట్టిక మాత్రం యథాప్రకారం అందంగానే ఉంటుంది. చేతిరాత దస్త్రంలో కొట్టివేత కనిపిస్తుంది, సిరా మారడం కనిపిస్తుంది. తెరమీది పొరపాటుకు మచ్చ ఉండదు.

పైగా ఈ ఫైలు కాళ్లున్న వస్తువు. ఒక్క మీట నొక్కితే ఎక్కడికైనా పోతుంది. 2022 ఫిబ్రవరిలో బ్రిటిష్ రక్షణశాఖలో పనిచేసే ఒకరు కొద్దిమంది వివరాలే ఉన్నాయన్న భావనతో ఒక పట్టికను బయటికి పంపారు. తాలిబాన్లకు భయపడి బ్రిటన్‌లో ఆశ్రయం కోరిన దాదాపు 19 వేల మంది ఆఫ్ఘన్ల వివరాలు అందులో దాగి ఉన్నాయి. సంగతి 2023 ఆగస్టులో బయటపడింది. న్యాయస్థానపు ఆజ్ఞ వల్ల 2025 జూలై వరకు ప్రజలకు తెలియలేదు. అది సన్నద్ధత పట్టిక కాకపోవచ్చు. కాని ఏ దళంలో ఏది కొరతో, ఎవరి మోకాలు చెడిందో, ఏ లారీకి ఇంజను లేదో వరుసగా రాసి పెట్టిన పట్టిక శత్రువు చేతిలో పడితే దానికి గూఢచారి అవసరం ఏముంటుంది?

ఇవన్నీ జాగ్రత్తతో సరిదిద్దుకోదగిన లోపాలు. జాగ్రత్తతో తీరని లోపం మరొకటి ఉంది.

సోమవారం ఉదయం బెటాలియన్ కార్యాలయంలో సమావేశం జరుగుతుంది. అధిపతి అయిన లెఫ్టినెంట్ కల్నల్ కూర్చుంటాడు. గోడమీద పట్టిక వెలుగుతుంది. కంపెనీలన్నీ ఒకదాని పక్కన ఒకటి. ఆకుపచ్చగా ఉన్న గడి గురించి ఎవరూ ఏమీ అడగరు. చూపు ఎరుపు మీదనే నిలుస్తుంది.

“ఈ ఎరుపు ఎప్పటికి పోతుంది, కెప్టెన్?”

“శుక్రవారానికి పోతుంది, సర్.”

ప్రశ్న ఎంత మెత్తగా అడిగినా, అడిగినది రంగు గురించి. జవాబూ రంగు గురించే. లారీ ఎప్పటికి బాగవుతుందని ఆయన అడగలేదు. విడిభాగం రావడానికి ఆరు వారాలు పడుతుందని కెప్టెన్ చెప్పలేదు. శుక్రవారానికి ఎరుపును పోగొట్టే మార్గాలు లేకపోలేదు. మూలనపడిన మరొక లారీ నుండి ఆ భాగం ఊడదీసి దీనికి బిగించవచ్చు. రెండు ఎరుపు గడులు ఒకటవుతాయి. ఇది ఒక్కొక్కప్పుడు తప్పని పని. యుద్ధరంగంలో తెలివైన పని కూడా. కాని నెలల తరబడి అదే జరిగితే మూలనున్న లారీ క్రమంగా అస్థిపంజరమవుతుంది. మరొక మార్గం ఇంకా సులభం. వాహనం కదులుతున్నది కదా, బ్రేకుల సంగతి తరువాత చూసుకోవచ్చు అనుకొని గడిని పసుపుపచ్చ చేయవచ్చు. పై మెట్టు మీద కంపెనీల గడులన్నీ కలిపి ఒక గడి అవుతాయి, దానిపై మెట్టు మీద మరొకటి. మెట్టు మెట్టుకూ ఎరుపు కాస్త కాస్త వెలిసిపోతుంది. పైకి చేరేసరికి మిగిలేది పుచ్చకాయ. బయట ఆకుపచ్చ, కోస్తే ఎరుపు. కామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఇక్కడ రోగం చూసేవాని కంటిలో లేదు. అతనికి చూపిస్తున్న లోకానికే రంగు పూశారు.

ఈ విద్యను కంప్యూటరుకు అంటగట్టడం అన్యాయం. ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలోనే ఇది సైన్యంలో పండిన విద్య. తనిఖీ రోజున రౌతు మంచి గుర్రాన్ని చూపి జీతం తీసుకునేవాడు. దాన్ని అమ్ముకునో తిరిగి ఇచ్చివేసో బక్క తట్టువుతో కాలక్షేపం చేసేవాడు. ఒకే గుర్రం ఇద్దరి పేర లెక్కకు వచ్చేది. దీన్ని అరికట్టడానికి అల్లావుద్దీన్ గుర్రాలకు వాత పెట్టించాడు, రౌతుల ఆనవాళ్లు రాయించాడు. వాత అంటే ఆనాటి క్రమసంఖ్య. తరువాత ఆ పద్ధతి సడలిపోయింది. షేర్ షా దాన్ని మళ్లీ నిలబెట్టాడు. 1570 దశకంలో అక్బరు మరొకసారి అమలుపరిస్తే మన్సబుదారులలో చాలామందికి అది గిట్టలేదు. ఎందుకు గిట్టలేదో వేరే చెప్పనవసరం లేదు. ఇన్ని గుర్రాలు పోషించాలన్న షరతుతో భూములు అనుభవించే పద్ధతి తెలుగువారికీ తెలిసినదే. విజయనగరంలో నాయకులు ఇంత కాల్బలాన్ని, ఇన్ని గుర్రాలను, ఇన్ని ఏనుగులను సిద్ధంగా ఉంచాలని ఏర్పాటు ఉండేదని 16వ శతాబ్దంలో అక్కడ ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ నాయకుల వారీగా రాసిపెట్టాడు. అటువంటి జాబితా ఉన్నచోటల్లా, జాబితాలోని గుర్రం వేరు, లాయంలోని గుర్రం వేరు అయ్యే అవకాశం ఉండనే ఉంటుంది.

అక్బరు కాలంలో వాత ఉన్నదా లేదా అని చూసే ఉద్యోగి తనిఖీశాల దగ్గర నిలబడేవాడు. గుర్రం అతని ముందు నడిచేది. ఎక్సెల్ గడికి అటువంటి వాత లేదు. అది చెప్పేది నిజమని నమ్మడానికి, నింపినవాని మాట ఒక్కటే ఆధారం. ఆ మాటకు విలువ ఎంత?

అమెరికా సైనిక యుద్ధ కళాశాలలో పనిచేసిన లెనర్డ్ వాంగ్ ఈ విషయాన్ని పరిశీలించాడు. 2002లో ఆయన వేసిన లెక్క ప్రకారం కంపెనీ అధిపతులకు ఏడాదిలో శిక్షణకు దొరికే రోజులు 256. పైనుండి తప్పనిసరి అని ఆజ్ఞాపించిన శిక్షణలన్నీ చేయడానికి పట్టే రోజులు 297. ఈ రెండు అంకెలను పక్క పక్క గడులలో వేసి తీసివేస్తే, మిగిలేది మైనస్ 41. ఏ కెప్టెన్ ఎంత నిజాయితీపరుడైనా ఈ లెక్కను ఆకుపచ్చగా చేయలేడు. అయినా నివేదికలలో శిక్షణలన్నీ పూర్తి అయినట్లే వచ్చేవి. 2015లో స్టీఫెన్ గెరాస్‌తో కలిసి వాంగ్ ఈ చిక్కుముడి మీదనే మరొక అధ్యయనం ప్రచురించాడు. తమకు తాము చెప్పుకునే అబద్ధాలు అనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. చేయలేని పనిని చేశానని సంతకం పెట్టడం అలవాటై, అధికారులలో అబద్ధమన్న స్పృహే మొద్దుబారిపోతున్నదని వారి నిర్ణయం. వారు చూసింది దుర్మార్గుల సమూహాన్ని కాదు. యుద్ధరంగంలో తోటివానికోసం ప్రాణమివ్వగల మనుషులను. ఆ మనుషులే కాగితం మీద గీత పెట్టడానికి వెనుదీయలేదు. తమ జవానుల సమయాన్ని పనికిమాలిన శిక్షణల నుండి కాపాడుతున్నామని కూడా కొందరు అనుకున్నారు. అది పూర్తిగా తప్పని అనడానికి నోరు రాదు. కష్టమంతా ఎక్కడ వస్తుందంటే, పనికిమాలినదాని కింద పెట్టిన సంతకమూ ప్రాణావసరమైనదాని కింద పెట్టిన సంతకమూ గోడమీద ఒకే రంగులో వెలుగుతాయి.

ఎరుపు కనిపించినా ఏమీ జరగకపోవడం మరొక విధమైన విపత్తు. 2017 జూన్ 17వ తేదీ రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో జపాన్ తీరానికి దగ్గరలో అమెరికా నౌకాదళపు ఫిట్జెరల్డ్ అనే యుద్ధనౌక ఒక సరకుల ఓడను ఢీకొన్నది. నీటిమట్టానికి దిగువన ఉన్న పడకగదిలోకి సముద్రం చొరబడింది. ఏడుగురు నావికులు చనిపోయారు. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే ఆగస్టు 21న సింగపూరు దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ అనే మరొక నౌక ఒక చమురు ఓడను ఢీకొన్నది. పదిమంది మరణించారు. రెండూ జపాన్‌లోని యొకోసుకా స్థావరానికి చెందిన నౌకలే.

ఆ దేశపు పార్లమెంటు తరఫున ప్రభుత్వ శాఖలను తనిఖీ చేసే కార్యాలయం ఆ సెప్టెంబరులో ఒక లెక్క వినిపించింది. 2017 జూన్ నాటికి జపాన్‌లో ఉన్న క్రూజరు, డిస్ట్రాయరు నౌకల సిబ్బంది పొందవలసిన యుద్ధవిద్యా ధ్రువపత్రాలలో నూటికి 37 గడువు దాటినవి. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా ఐదు నెలలో అంతకంటె ఎక్కువో ముందే గడువు తీరినవి. 2015లోనే ఆ కార్యాలయం ఈ నౌకల సంగతి హెచ్చరించి ఉంది. ఆ రెండేళ్లలో గడువు తీరిన పత్రాల పాలు ఐదు రెట్లకు పైగా పెరిగింది. అంటే ఇక్కడ ఎవరో ఎరుపును దాచిపెట్టారని చెప్పడానికి లేదు. ఎరుపు అందరికీ కనిపిస్తూనే ఉంది. నౌకలు తక్కువ, పనులు ఎక్కువ. ఒడ్డున ఉండి నేర్చుకోవలసిన రోజులు సముద్రం మీద ఖర్చయ్యాయి. శిక్షణ లోటును ఫలానా విధంగా భర్తీ చేసుకుంటామని ఒక కాగితం రాసి నౌకను పంపడం మొదట మినహాయింపు, తరువాత మామూలు అయింది. మెకెయిన్ నౌకలో చుక్కాని దగ్గర ఉన్నవారిలో కొందరు మరొక నౌక నుండి తాత్కాలికంగా వచ్చినవారు. ఈ నౌకలోని తాకుడు తెరల యంత్రం మీద వారికి తగిన శిక్షణ లేదు. మనుషుల లెక్కలో ఆ స్థానాలు నిండి ఉన్నాయి. తలల లెక్క వేరు, సత్తా లెక్క వేరు అని దుర్యోధనునికి తెలిసిన సంగతి ఆ లెక్కలో తెలియలేదు.

ఇంత జరిగిన తరువాత పట్టికలను పారవేయాలని ఎవరూ అనలేదు, అనరాదు కూడా. పట్టిక లేకపోతే ఆ 37 అన్న అంకె కూడా తెలిసేది కాదు. మంచి దళపతులు వేరే దారి పట్టారు. సమావేశంలో కూర్చుని ఒక ఆకుపచ్చ గడిని ఎంచుకొని, “పదండి, దీన్ని చూద్దాం” అని లేచి వాహనాల షెడ్డుకు నడుస్తారు. లారీ తాళం తిప్పమంటారు. దాని కింద నేలమీద నూనె మరక ఉన్నదేమో వంగి చూస్తారు. ఈ తనిఖీకి కంప్యూటరు అక్కరలేదు. మోకాళ్లు వంగితే చాలు. ఎరుపు గడి చూపినవానితో “ఏమి కావాలి?” అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న మారితే వచ్చే సోమవారం పట్టికలో ఎరుపు పెరుగుతుంది. పై అధికారికి ఆ బెటాలియన్ చెడిపోతున్నట్లు కనిపిస్తుంది. అక్కడ దళపతి తన విచక్షణను, ఒక్కొక్కప్పుడు తన పదోన్నతిని కూడా, పణంగా పెట్టవలసి ఉంటుంది. అందుకే అటువంటివారు తక్కువ.

ఆదివారం రాత్రి కంపెనీ కార్యాలయంలో ఒక్క దీపమే వెలుగుతున్నది. లెఫ్టినెంటు ఉదయపు సమావేశం కోసం పట్టికను చివరిసారి సరిచూస్తున్నాడు. ఏడవ నంబరు లారీ గడి దగ్గర అతని వేలు చాలాసేపు ఆగింది. సాయంత్రం తాను వంగి చూసిన మరక గుర్తుకు వచ్చింది. గడిని ఎరుపు చేశాడు. ఫైలు పంపలేదు; తెరిచే ఉంచి, కాఫీ తెచ్చుకోవడానికి లేచి వెళ్లాడు. గోడ గడియారం పన్నెండు దాటింది. తిరిగి వచ్చి కూర్చుని మీట నొక్కగానే తేదీ మారి, సూత్రాలన్నీ మరొకసారి లెక్క వేసుకున్నాయి. ఎవరూ ముట్టుకోని చోట, ముగ్గురి పేర్ల ఎదుట, మరి మూడు గడులు ఎర్రబడ్డాయి.